పూలు లేని కాలపు తేనె

మా పిన్ని తేనెను నలుగురి ముందూ సింకులో పారబోశారు.

తేనె నీళ్లలాంటిది కాదు. సీసా బోర్లిస్తే గభాలున పడిపోదు. మూతి దగ్గర ముద్దగా నిలుస్తుంది, కాసేపు ఆలోచించుకుంటుంది, ఆ తర్వాత సన్నగా దారంలా దిగుతుంది. తేనెటీగలు పెంచేవాళ్ల సంఘానికి కార్యదర్శిగా ఉన్న మనిషికి ఈ సంగతి తెలియక కాదు, కోపంలో మరిచిపోయాడు. బోర్లించాక మధ్యలో వెనక్కి తిప్పితే చిన్నతనం. అందుకని చెయ్యి నొప్పి పుడుతున్నా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. సభ్యులంతా నిలబడ్డారు. పిన్నీ నిలబడింది. సీసా ఖాళీ అయ్యేదాకా అలాగే నిలబడ్డారట. చివరికి సింకు అడుగున అంటుకుపోయిన తేనె చూసి ఆయన, "ఆ కొళాయి కాస్త తిప్పమ్మా" అన్నాడట. పిన్నే తిప్పింది.

నేనక్కడ లేను. ఉంటే ఏదో ఒకటి పగిలేది. సంఘం సభ్యురాలే ఒకావిడ, మా మేడలో కింది వాటాలో ఉంటుంది, వచ్చి చెప్పింది. చెబుతూ ఏడ్చింది కూడా. అక్కడ మాత్రం నోరు మెదపలేదు. మంచివాళ్లు ఎప్పుడూ ఇంటికొచ్చాకే ఏడుస్తారు.

జరిగింది ఇది. సంఘం వాళ్లు సభ్యులందరి తేనెనూ ఒకే ముద్ర వేసి అమ్ముతారు. అమ్మేముందు ఒక్కొక్కరి తేనె కొంచెం తీసి ఆహార పరీక్షల ల్యాబుకు పంపుతారు. ఆ ఏడాది అందరివీ మంచివని వచ్చాయి. పిన్ని తేనెలో మాత్రం చెరకు చక్కెర ఉందని వచ్చింది. ల్యాబు రాసింది అంతే. "కల్తీ" అన్న మాట కార్యదర్శి సొంతంగా చేర్చుకున్నాడు.

అప్పటిదాకా మేడలో అందరికీ ఆమె కాజాల పిన్ని. చొక్కాలు కుట్టే కార్ఖానాలో గుండీలకు కాజాలు వేసే మిషను మీద ఆమె పని. ఆ మర్నాటి నుంచి పాకం పిన్ని అయింది. మూడో అంతస్తులో ఉండే రిటైరైన గుమాస్తా మెట్ల మీద ఎదురుపడి, "ఏమ్మా, ఇవాళ తీగపాకమా, ముదురుపాకమా?" అన్నాడు.

"మీకు తీగపాకమే నయం అన్నయ్యా. ముదురుపాకమైతే ఆ ఉన్న పళ్లు కూడా ఊడతాయి" అంది పిన్ని.

అందరూ నవ్వారు. ఆమే ఎక్కువ నవ్వింది. గదిలోకొచ్చి తలుపేసుకున్నాక మాత్రం చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూర్చుని, "నాకేమీ వద్దురా. ఈవిడ కలపలేదు అని ఎవరో ఒకరు అంటే చాలు. ఒక్కరు. ఆ మాట వినకుండా నేను పోకూడదు" అంది.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. బాబాయి చాలా కాలం కిందటే ఇంకో ఊళ్లో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. దానికి ఆమె ఎంత ఏడ్చిందో నాకు తెలియదు. ఎవరైనా కదిపితే, "పోయినవాడు పోక గొడుగు కూడా పట్టుకుపోయాడు, అదీ నా బాధ" అనేది. తేనెటీగలు ఆమె కోరి తెచ్చుకున్నవి కావు. ఒకరోజు కార్ఖానా కిటికీ రెక్కకు ఓ గుంపు వచ్చి వేలాడింది. మేస్త్రీ కాగడా తెమ్మన్నాడు. పిన్ని మిషను ఆపి, గుండీలొచ్చే అట్టపెట్టె ఖాళీ చేసి గుంపు కింద పట్టి, కిటికీ రెక్కను గట్టిగా ఒక్క చరుపు చరిచింది. గుంపంతా పెట్టెలో పడింది. కుట్టిన చోట్ల ముఖం వాచి కళ్లు మూసుకుపోతున్నా పెట్టె వదల్లేదు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. కండక్టరు, "ఏముందమ్మా అందులో, గుయ్యిమంటోంది?" అనడిగితే, "మా ఆడపడుచులు" అందట. ఆయన ఇంకో మాట అడగకుండా ముందుకు వెళ్లిపోయాడట.

అలా మొదలై, ఏళ్లు గడిచేసరికి మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో ఇటుకల మీద వరసగా చెక్కపెట్టెలు వెలిశాయి. పని నుంచి రాగానే మెట్లెక్కి పైకి వెళ్లేది. కాజాలు వేసిన వేళ్లతోనే తేనెపట్టు కట్టిన ఒక్కో ఫ్రేమూ పైకి తీసి, ఈగలు నలగకుండా పక్కకు తిప్పి చూసేది. ఆమె ముఖంలో తీరుబడి అన్నది నేను చూసింది అక్కడొక్కచోటే.

ఒక విషయంలో మాత్రం మొండి. ఎండలు ముదిరాక మా వీధుల్లో పూలుండవు. చెట్లు ఆకులనే నిలుపుకోలేవు. ఆ నెలల్లో ఈగలు పెట్టెలో దాచుకున్నది తిని బతకాలి. దాన్ని మనిషి ముందే తీసేసుకుంటాడు కాబట్టి, పెంచేవాళ్లు పంచదార నీళ్లలో కరిగించి చిన్న గిన్నెల్లో పెట్టెల లోపల పెడతారు. ఆ రోజుల్లో తేనె తియ్యరు. మళ్లీ పూలొచ్చాక ఆ పాకంతో నిండిన ఫ్రేములను పక్కకు తీసి, తర్వాత వచ్చిన తేనెనే తీస్తారు. ఇందులో దొంగతనమేమీ లేదు, అందరూ చేసేదే. పిన్నికి అది గిట్టదు. సంఘం సమావేశంలో లేచి, "నా పెట్టె గడప పంచదార తొక్కదు. పంచదార తిన్న ఈగ పెట్టేది తేనెట్లా అవుతుందండీ?" అని అందరి ముఖాల మీదా అనేసింది.

"ఎండలమ్మా, చచ్చిపోతాయి" అన్నాడు కార్యదర్శి.

"మీవి చస్తాయేమో. నావి కష్టపడి తెచ్చుకుంటాయి."

ఆ మాట చాలామందికి గుచ్చుకుంది. అందుకే ల్యాబు నుంచి ఆ కబురు వచ్చినప్పుడు ఒక్కరూ ఆగి ఆలోచించలేదు. మడి కట్టుకున్న మనిషి వంటింట్లో ఎంగిలి గిన్నె దొరికితే ఊరికి అంతకన్నా వినోదమేముంది?

పైగా ఆ ఎండల్లో ఆమె పెట్టెలు తేలికపడలేదు. నా చేత ఒక పెట్టె ఎత్తించి, "చూశావా బరువు? ఎక్కడెక్కడ తిరిగి తెస్తున్నాయో పాపం" అని మురిసిపోయింది. ఈగలు పలచబడ్డాయి కదా పిన్నీ అంటే, ఎండదెబ్బ అంది. తొలి వానలు పడగానే ఆ తేనెనే తీసి సంఘానికిచ్చింది.

సంఘంలో ఆ అవమానం జరిగాక నేను ఊరుకోలేదు. చిత్తుకాగితాల కొట్లో దొరికిన పుస్తకాలు చదివి నాకు లోకం మీద కొన్ని అభిప్రాయాలున్నాయి. ల్యాబులు కూడా తప్పులు చేస్తాయన్నది వాటిలో ఒకటి. అదే తేనె ఇంకో సీసా ఇంట్లో మిగిలుంది. దాన్ని మళ్లీ పరీక్ష చేయిద్దామన్నాను.

"వద్దురా. ఒకసారి ఊడిన పరువును మళ్లీ తూకం వేయించడమెందుకు?"

"తప్పు వాళ్లది పిన్నీ."

"అంత నమ్మకముందా?"

"నీకు లేదా?"

ఆమె సీసా తీసి గుడ్డలో చుట్టింది. "నడు. నేనూ వస్తా."

ఆ ల్యాబు ఓ పాత భవనం పై అంతస్తులో ఉంది. వరండా అంతా స్పిరిట్ వాసన. ఆ వాసన చాటున మాడిన పాల వాసన. బల్లల మీద పాలు, నూనెలు, పిండి, టీ పొడి. వేటి మీదా మనుషుల పేర్లు లేవు, అంకెలే. తేనెలు చూసే మేడమ్‌కు జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, నేను నోరు తెరవకముందే కుర్చీలు చూపించింది.

"మీ మిషను తప్పు చెప్పింది" అన్నాను నిలబడే.

"మిషనుకు నోరెక్కడిది నాయనా? చెప్పింది నేనే. కూర్చో."

నేను చదివినదంతా ఏకరువు పెట్టాను. ఆవిడ మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక ముక్కు తుడుచుకుని చెప్పింది. పూల మొక్కల్లో చాలావరకు గాలిలోంచి బొగ్గును, అంటే కార్బన్‌ను, ఒక తీరుగా పట్టుకుంటాయట. చెరకు, మొక్కజొన్న జాతివి ఇంకో తీరుగా పట్టుకుంటాయట. అందుకని చెరకు తీపిలో ఉండే బొగ్గు వెంట్రుకవాసి బరువట. తేనె చుక్కను కాల్చి, ఆ పొగలోని బొగ్గును మిషను తూస్తుంది. అదొక్కటే చూస్తే పొరబాటు పడొచ్చు. కానీ తేనెలో తీపే కాక మాంసకృత్తులు కూడా పిసరంత ఉంటాయి, అవి ఈగ ఒంట్లోంచీ పుప్పొడిలోంచీ వచ్చేవి. వాటి బొగ్గు బరువూ తీపి బరువూ దాదాపు కలవాలి. కలవకపోతే ఆ తీపి బయటిది.

"ఈ తేనెకు ఈ తేనే సాక్షి. నేను రెండుసార్లు చూశాను. కలవలేదు" అంది.

నేను కుర్చీలో కూర్చున్నాను. పిన్ని మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని, "నేను కలపలేదమ్మా" అంది. గట్టిగా కూడా అనలేదు. టైము అడిగితే చెప్పినట్టు చెప్పింది.

మేడమ్ ఆమెను కాసేపు చూసింది. "ఏముందో చూడమన్నారు, చూశాను. ఎలా వచ్చిందో నన్నెవరూ అడగలేదు. మీరు అడుగుతున్నారా?"

"అడుగుతున్నాను."

ఆవిడ సీసా మూత తీసి కొంచెం తేనె గోరువెచ్చని నీళ్లలో కలిపింది. సన్నటి గొట్టంలో పోసి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టింది. అది ఆగాక గొట్టం అడుగున మడ్డి చేరింది. ఆ మడ్డిలో ఒక చుక్క గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, చాలాసేపు చూసింది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. పిన్ని ఆవిడ వేళ్ల వైపే చూసింది.

"రామ్మా, మీరు చూడండి."

పిన్ని సూదిలోకి దారం ఎక్కించేటప్పటిలా ఒక కన్ను మూసి వంగింది.

"ముళ్ల బంతుల్లా ఉన్నాయి చూడండి, అవి పుప్పొడి. చాలా తక్కువున్నాయి. వాటి పక్కన నిచ్చెన ముక్కల్లాంటివి కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తున్నాయి. చాలా ఉన్నాయి."

"అది చెరకు పిప్పి. పంచదార పాకం పోస్తే ఇన్ని నలుసులు ఉండవు. మిల్లులో వడకట్టి, మరిగించి, తెల్లగా చేసేసరికి అవన్నీ పోతాయి. ఇది పచ్చి రసం. పచ్చి రసం సీసాలో కలిపితే నాలుగు రోజుల్లో పొంగి మూత ఎగిరిపోతుంది. ఈ తేనె పొంగలేదు, చక్కగా చిక్కబడింది. అంటే పెట్టెలోనే ఆరింది." ఆవిడ కళ్లద్దాలు మళ్లీ నెత్తి మీదికి తోసుకుంది. "ఇది మనుషులు చేసిన పని కాదమ్మా. మీ ఈగలే తెచ్చాయి."

"మేం ఉండేది మేడ మీద. చెరకెక్కడుంది మా దగ్గర?"

"మీ దగ్గరుండక్కర్లేదు. అవి వెళ్లే దూరంలో ఉంటే చాలు."

నాకు అప్పుడే గుర్తొచ్చింది. బస్సు డిపో వెనక సందులో చెరకు రసం బండి. చలికాలంలో పెట్టారు. పిన్ని కార్ఖానా అటు వైపు కాదు, ఆమె ఆ సందులోకి వెళ్లే పని లేదు. నేను వారానికోసారైనా అక్కడ తాగుతాను. గ్లాసు చుట్టూ ఈగలు తిరుగుతుంటే తోలుకుంటూ తాగాను కూడా.

నేరుగా అక్కడికే వెళ్లాం. బండి వెనక గోడవారన పిప్పి కుప్ప. దాని మీద తేనెటీగలు అద్దిన నువ్వుల్లా ఉన్నాయి. మరచక్రం తిప్పే ఆయన సరదా మనిషి. మేం వాటిని చూడటం చూసి, "మీ చుట్టాలా అమ్మా? తీసుకుపోండి, పుణ్యముంటుంది. నాకు గిరాకీ తోలేస్తున్నాయి" అన్నాడు.

మర కింద ఒక టబ్బుంది. సబ్బు నీళ్లు. పైన ఈగలకు ఎరగా రసం నురగ కాస్త వేశాడు. నీళ్ల మీద చచ్చిన ఈగలు మందంగా తేలుతున్నాయి.

పిన్ని టబ్బు వైపు చూసి, చూపు తిప్పుకుని, సంచిలో చెయ్యి పెట్టింది. గుడ్డ మీద గుర్తులు పెట్టే నీలం సుద్దముక్క ఆమె సంచిలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని గోటితో గీకి పొడి చేసి, పిప్పి మీద వాలిన ఈగల మీద చల్లింది. "నువ్వు మేడ మీదికి పరిగెత్తు. పెట్టెల గుమ్మాల దగ్గర చూడు. నీలంగా వస్తే ఫోన్ చెయ్యి."

పరిగెత్తాను. మెట్లెక్కి రొప్పుతూ పెట్టెల ముందు గొంతుక్కూర్చున్నాను. మొదట మామూలు ఈగలే వచ్చాయి. తర్వాత ఒకటి, వీపు మీద నీలం పొడితో, బరువుగా వాలి, గుమ్మంలోంచి లోపలికి పోయింది. దాని వెనకే ఇంకొకటి. పక్క పెట్టెకూ వచ్చాయి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"పిన్నీ! నీవే! నీలంగా వస్తున్నాయి! నువ్వు కలపలేదు పిన్నీ! ల్యాబులోనే రాయించి ఆ కార్యదర్శి ముఖాన కొడతా!" అని అరిచాను ఫోన్లో.

అటు నుంచి మర తిరుగుతున్న చప్పుడు వినబడింది. తర్వాత, "ఊఁ" అంది.

నేను తిరిగి వెళ్లేసరికి ఆమె రసం వడపోసే జల్లెడ అడిగి తీసుకుని, టబ్బులో ఈగలను తీసి కాగితం మీద పరుస్తోంది. కొన్నింటికి కాళ్లు ఇంకా కదులుతున్నాయి. వాటిని విడిగా పెడుతోంది.

"చచ్చినవాటినేం చేసుకుంటారమ్మా?" అన్నాడు బండి ఆయన.

"ఎండల్లో కూడా వచ్చేవా ఇవి?"

"ఎండల సంగతి అడక్కండి. నల్లగా ముసిరేవి. మరిగే నీళ్లు పోసేవాణ్ణి. పక్కవి చస్తుంటే ఇవి తాగేవి. కదిలేవి కావు. ఏం ఆకలమ్మా వాటిది!"

ఆయన ఏదో మాటవరసకు అన్నాడు. పిన్ని చేతిలో జల్లెడ ఆగిపోయింది. ఇంటికొస్తుంటే దారి పొడుగునా నేను కార్యదర్శిని ఎలా నిలదీయాలో చెబుతూనే ఉన్నాను. ఆమె విన్నదో లేదో తెలియదు.

మేడమ్‌ను అదే రాసిమ్మని అడిగాను. ఉన్నది పచ్చి చెరకు రసమనీ, ఈగలే తెచ్చి పెట్టెలో చేర్చినట్టుందనీ రాసిచ్చింది. అయినా దాన్ని తేనె అని అమ్మడానికి వీల్లేదని కూడా రాసింది. ఆ రెండో వాక్యం మీద నాకు కోపమొచ్చింది. పిన్ని, "నిజమే కదరా" అంది.

ఆ కాగితం తీసుకెళ్లి సంఘంలో కార్యదర్శి బల్ల మీద పెట్టాను. నేను అనదలుచుకున్నవి చాలా ఉన్నాయి. ఆయన చదివి తల ఎత్తలేదు. దాంతో సగం మాటలు నాలోనే ఉండిపోయాయి. మర్నాడు ఆయనే మా ఇంటికొచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"తప్పయిపోయింది చెల్లెమ్మా. మళ్లీ రా. పారబోసింది నలుగురిలో కాబట్టి, నువ్వు కలపలేదన్న మాటా నలుగురిలోనే చెబుతాను."

ఆమె ఇన్నాళ్లూ కోరుకున్న మాట అదే. నేను ఆమె ముఖం వైపు చూశాను. అక్కడ నాకు ఏ సంతోషమూ కనబడలేదు.

"అన్నయ్యా, ఎండల్లో మీరు పాకం ఎప్పుడు మొదలుపెడతారు?" అనడిగింది.

ఆయన తికమకపడ్డాడు. తర్వాత చెప్పాడు. పూలు పూర్తిగా పోకముందే మొదలుపెట్టాలని, పొద్దుగూకాక పెట్టాలని, ఈగలు మునిగిపోకుండా గిన్నెలో పుల్లలు వేయాలని. పిన్ని మధ్యమధ్యలో అడుగుతూ, బళ్లో పిల్లలా విన్నది. అంతా విని, "నా పెట్టెలు మీరు తీసుకెళ్లండి" అంది.

"అదేంటమ్మా! నేనొచ్చింది..."

"తెలుసు. అయినా తీసుకెళ్లండి."

నేను అరిచాను. ఆయన ముందే అరిచాను. ఆమె నన్ను బయటికి పొమ్మనలేదు. ఆ సాయంత్రం ఈగలన్నీ లోపలికి చేరాక, తనే గుమ్మాలకు పల్చటి గుడ్డ కట్టింది. ఒక్కో పెట్టె దింపుతుంటే, "కుదపకండి, కుదపకండి" అంటూ మెట్ల మీద ముందు నడిచింది. మూడో అంతస్తు గుమాస్తా తలుపు తీసి చూశాడు. జోకు వేయబోయి, ఏమనుకున్నాడో, పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

సంఘంలో ఆయన చెప్పాల్సిన మాట చెప్పాడు. పిన్ని ఆ సమావేశానికి వెళ్లలేదు. చప్పట్లు కొట్టారని కింది వాటా ఆవిడ వచ్చి చెప్పి, మళ్లీ ఏడ్చింది. ఆ తర్వాత పిన్ని పని నుంచి రాగానే మేడ మీదికి వెళ్లడం మానేసింది. ట్యాంకు నీడలో ఇటుకలు మిగిలాయి. మాటలు మాత్రం మామూలుగానే ఉండేవి, వెటకారాలు కూడా. తిండి తగ్గింది. నాతో పెట్టెల ఊసెత్తేది కాదు, నేనూ పంతం కొద్దీ ఎత్తలేదు. మళ్లీ ఎండలు రాకముందే ఒక పగలు మిషను మీదికి ఒరిగిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే పోయింది.

దానికి కొద్దిరోజుల ముందు కార్ఖానా గేటు దగ్గర కలిశాను. భోజనాల విరామం. ఆమె గోడవారన కూర్చుని డబ్బా మూత కూడా తీయకుండా ఒళ్లో పెట్టుకుంది. నా పంతం ఆ రోజు నిలవలేదు. పక్కన కూర్చుని అడిగేశాను.

"నీ మాట నిలబెట్టాలని నేను కాళ్లరిగేలా తిరిగితే, నువ్వు పోయి పోయి పెట్టెలు ఆయన చేతిలో పెట్టావు. నీ పరువు తీసినవాడి మీద అంత దయ ఏంటి పిన్నీ?"

"దయ ఆయన మీద కాదురా పిచ్చోడా" అంది. "నింద పడింది నా మీద. దాన్ని నువ్వు దింపావు, చల్లగా ఉండు. నా సంగతి అక్కడితో సరి. ఎండలొస్తే ఆయన దగ్గర ఈగ వీధిలోకెళ్లి అడుక్కోదు. నా దగ్గర అడుక్కుంది."